పగిలిన రేకు

శ్రీకాకుళము జిల్లాలో పలాసకు ఈశాన్యమున, హౌరా నుండి చెన్నపట్టణమునకు పోవు రైలు మార్గములో సుమ్మాదేవి యను చిన్న స్టేషను కలదు. అచ్చట నిలిచి చూచినచో ఒక దిక్కున మహేంద్రగిరి కొండలు నీలముగా కానవచ్చును. తూర్పున సముద్రతీరము వరకు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు వ్యాపించి యున్నవి. ఈ పచ్చని సీమకే ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు.

ఒకప్పుడు ఈ సీమలో తాటాకు ఇండ్లే ఎక్కువ. తాటాకునకు నిప్పు భయము కలదు. అప్పుడప్పుడు మార్చి కొత్తది కప్పవలసిన శ్రమయు కలదు. కాలక్రమమున సిమెంటు రేకులు వచ్చినవి. ఇవి నిప్పునకు కాలవు, చెదలు తినవు, ఉప్పుగాలికి తుప్పు పట్టవు, వెలయు తక్కువ. కావున పశువుల సాల, వంటయిల్లు, జీడిపప్పు కర్మాగారపు షెడ్డు, బడి వరండా అన్నియు క్రమముగా ఆ రేకుల క్రిందికి చేరినవి. వానిని తెచ్చుకొన్న పేదవారు తప్పు చేసినవారు కారు. ఆనాడు వారికి అందుబాటులో నున్న మంచి కప్పు అదియే.

2018 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచి, ఒక్కొక్క విసురునకు 165 కిలోమీటర్లను అందుకొనెను. తెల్లవారి చూచునప్పటికి కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి నిలిచియుండెను. జీడితోటలు వేళ్లతో సహా పెల్లగిలి పడియుండెను. వీథులలోను, దొడ్లలోను, నూతి గట్లమీదను బూడిదరంగు రేకు ముక్కలు చెల్లాచెదరుగా పడియుండెను. కూలిన చెట్ల కొరకు అందరును విలపించితిమి. రేకు ముక్కలను గూర్చి ఆలోచించినవారు లేరు.

అప్పుడు నేను ఉద్దానములోని ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడను. మా వరండా కప్పు సగము ఎగిరిపోయెను. బడి వాకిట వర్షపు నీరు నిలుచు గుంట యొకటి చిరకాలముగా ఉండెను. ఎండ కాచిన పిదప బడి తెరచినాడు ఎనిమిదవ తరగతి పిల్లలను పిలిచి, “ఈ ముక్కలను ఏరి, రాళ్లతో చిన్నవిగా కొట్టి గుంటలో వేయుడు. బడి శుభ్రపడును, గుంటయు పూడును” అని చెప్పితిని. పిల్లలు ఉత్సాహముతో ఒక పూటంతయు కొట్టిరి. తెల్లని దుమ్ము లేచి వారి జుట్టుమీదను బట్టలమీదను పడెను. నేను దగ్గర నిలిచి మెచ్చుకొంటిని.

నేను చేయించినది ఎట్టి పనియో తెలియుటకు నాకు రెండేండ్లు పట్టినది. ఆనాడు నాకు తెలియనిది నేడు మీకు తెలియవలెనను కోరికతో ఈ పాఠము వ్రాయుచున్నాను.

ఆ రేకులలో సిమెంటుతోపాటు రాతినార యను పదార్థము కలదు. దానినే ఆస్బెస్టాస్ అందురు. ‘ఆరనిది’ యని ఆ గ్రీకు మాటకు అర్థము. కొబ్బరి డొక్కను కొట్టిన పీచు వచ్చునని మీరెరుగుదురు. అట్లే భూమిలో దొరకు కొన్ని రాళ్లను చితుకగొట్టిన మెత్తని నార వచ్చును. కాని కొబ్బరిపీచునకును దీనికిని గొప్ప భేదము కలదు. కొబ్బరిపీచు కంటికి కానవచ్చును. మట్టిలో పడిన కొన్నాళ్లకు కుళ్లును. రాతినార కుళ్లదు, కాలదు. దానిని చీల్చిన కొలదిని ఇంకను సన్నని పోగులుగా చీలుచునే యుండును. తుదకు తలవెండ్రుకలో నూరవ వంతు మందము కూడ లేని పోగులై కంటికి కానరాక గాలిలో తేలును.

1900 ప్రాంతమున ఆస్ట్రియా దేశస్థుడు లుడ్విగ్ హాచెక్ ఈ నారను సిమెంటుతో కలిపి పలుచని రేకులు చేయు విధమును కనుగొనెను. మట్టిగోడకు గడ్డి కలిపినట్లు, ఇంచుమించు తొంబది పాళ్ల సిమెంటునకు ఎనిమిది పది పాళ్ల నార కలిపినచో రేకు పలుచనైనను గట్టిగా నుండును. హైదరాబాదు నగరమున ఇట్టి రేకుల పరిశ్రమ 1946 లో స్థాపింపబడెను. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున ఒకప్పుడు రాతినార గనులును త్రవ్విరి. నేడు మన దేశమునకు కావలసిన నార రష్యా మొదలగు విదేశముల నుండి వచ్చుచున్నది.

మరి కప్పుమీద నున్న రేకు క్రింద నివసించుట ప్రమాదమా? ఇచ్చట ఒక సంగతి స్పష్టముగా గ్రహింపవలెను. రేకు చెక్కు చెదరక ఉన్నంత కాలము నార సిమెంటులో బిగిసియుండును. గాలిలోనికి వచ్చునది అత్యల్పము. రేకును కోసినప్పుడు, రంధ్రము పొడిచినప్పుడు, పగులగొట్టినప్పుడు, పొడిగా గీకినప్పుడు, త్రొక్కి నలిపినప్పుడు ఆ బంధము విడిపోయి పోగులు ధూళితో కలసి లేచును. ఏండ్ల తరబడి ఎండకు వానకు పైపొర అరిగి, నాచు పట్టిన పాత రేకులు కొత్తవాని కంటె సులభముగా ధూళి విడుచును. కావున ప్రమాదము అధికమగునది రేకు కప్పుగా నున్నప్పుడు కాదు. అది వ్యర్థమై నేలకు దిగినప్పుడు.

మామూలు దుమ్ము ముక్కులోని వెండ్రుకలయందును, గొంతులోని తడియందును చిక్కుకొని తుమ్ముతోనో దగ్గుతోనో వెలుపలికి వచ్చును. రాతినార పోగు సన్ననిదగుటచే ఊపిరితిత్తుల లోతులకు చేరును. శరీరములోని రక్షక కణములు దానిని మ్రింగి అరిగింప జూచును. కాని పొడుగైన ఆ రాతిపోగు వానికి లొంగదు. అది అక్కడనే నిలిచి ఏండ్ల తరబడి పుండు చేయును. ఊపిరితిత్తులు క్రమముగా గట్టిపడి ఊపిరి ఆడకుండుట ఆస్బెస్టోసిస్ అను వ్యాధి. ఊపిరితిత్తుల క్యాన్సరు రెండవది. ఊపిరితిత్తులను చుట్టియున్న పలుచని పొరకు వచ్చు మీసోథీలియోమా యను క్యాన్సరు మూడవది. రాతినారలో తెలుపు, నీలము, గోధుమవన్నె మొదలగు భేదములు కలవు. అవి యన్నియు క్యాన్సరు కారకములేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది.

ఈ వ్యాధులు వెంటనే కానరావు. పోగు లోనికి పోయిన పిదప పది మొదలు నలువది సంవత్సరములకు, ఒక్కొక్కప్పుడు అంతకును మించిన కాలమునకు బయటపడును. పాము కరచిన వానికి కరచినదేదో తెలియును. పదుమూడవ యేట దుమ్ము పీల్చిన బాలునకు ఏబదియవ యేట ఆయాసము వచ్చినచో కారణము ఎవరికి తోచును? అందుచేతనే లోకము ఈ హానిని తెలిసికొనుటకు చాలకాలము పట్టినది.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున రాతినార వడకు కర్మాగారములో నెల్లీ కెర్షా యను స్త్రీ పనిచేయుచుండెను. ఆమె 1924 లో ముప్పదిమూడేండ్ల వయస్సున మరణించెను. డాక్టరు కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి, నార పోగులను గుర్తించి, ఆ యేడే వైద్యపత్రికలో ప్రకటించెను. 1930 లో ఆ దేశపు అధికారులు ఆ పరిశ్రమలోని 363 మంది కార్మికులను పరీక్షింపగా నలుగురిలో ఒకరికి వ్యాధి కలదని తేలెను. మరుసటి యేడు ధూళిని అణచుటకు నియమములు చేసిరి.

కాని హాని కర్మాగారపు గోడలలోపలనే ఆగలేదు. 1960 లో దక్షిణాఫ్రికా వైద్యుడు వాగ్నరు తన సహచరులతో కూడి 33 మీసోథీలియోమా రోగుల వృత్తాంతము ప్రకటించెను. వారిలో పలువురు ఎన్నడును గనిలో పనిచేసినవారు కారు. బాల్యమున నీలి రాతినార గనుల పరిసరములలో పెరిగినవారు. 1965 లో లండనులో జరిగిన మరియొక పరిశోధనలో, కార్మికుల దుమ్ము బట్టలు ఉదికిన ఇంటి స్త్రీలకును ఆ వ్యాధి వచ్చినట్లు తెలిసెను. 1995 జనవరి 17 న జపానులోని కోబె నగరము భూకంపముచే కూలినది. ఆ శిథిలములను తొలగించిన పనివారిలో కొందరికి తరువాతి కాలమున ఇదే వ్యాధి కనిపించెను. మన తుపాను శిథిలములకు ఈ చివరి దృష్టాంతము మిక్కిలి చేరువైనది.

ఇది చదివి మీరు భయపడ పనిలేదు. ఒక్క ముక్కను ఒక్కమారు ముట్టుకొన్నంత మాత్రమున వ్యాధి తప్పక వచ్చునని కాదు. పీల్చిన ధూళి ఎంత ఎక్కువయో, పీల్చిన కాలము ఎంత ఎక్కువయో, అపాయము అంత హెచ్చును. కావున తగ్గించుకొన్న ప్రతి పిడికెడు ధూళియు లాభమే. పొగత్రాగువానికి రాతినార కూడ తోడైనచో ఊపిరితిత్తుల క్యాన్సరు భయము ఎన్నో రెట్లు పెరుగును. ఈ మాట మీ ఇండ్లలో తాపీపని, కప్పుపని చేయువారికి తప్పక చెప్పుడు.

అరువదికి పైగా దేశములు రాతినార వాడుకను నిషేధించినవి. మన దేశమున తెల్ల రాతినార సిమెంటు రేకుల అమ్మకము ఇంకను చట్టసమ్మతమే. అయినను 1995 జనవరిలో మన సుప్రీముకోర్టు ఈ పరిశ్రమ కార్మికుల ఆరోగ్యము వారి జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పెను. వారి ఆరోగ్యపు లెక్కలను పనిలో చేరిన నాటి నుండి నలువది యేండ్లో, పని విరమించిన పిదప పదునైదేండ్లో, ఏది తరువాతిదైన అంతవరకు భద్రపరుపవలెనని ఆదేశించెను. ఈ వ్యాధి ఎంత ఆలస్యముగా బయటపడునో న్యాయస్థానము గుర్తించినదనుటకు ఆ నలువది సంఖ్యయే సాక్ష్యము.

ఇండ్లు కట్టునప్పుడును కూల్చునప్పుడును వచ్చు వ్యర్థములను గూర్చి 2016 లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. హానికర వ్యర్థములకు ఆ సంవత్సరమే వేరు నియమములు వచ్చినవి. 2025 లో కట్టడపు వ్యర్థములకు నూతన నియమములు ప్రకటించి, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయించిరి. వీని సారాంశము సులభమైనది: ఇటుక, కాంక్రీటు, కఱ్ఱ, ఇనుము ఒక దారిని పోవలెను; విషము కలది వేరు దారిని పోవలెను.

రెంటిని వేరు చేయుట యెందుకు? ఇటుకలు, కాంక్రీటు ముక్కలు పారవేయదగినవి కావు. హైదరాబాదులోని జీడిమెట్లలో 2020 లో ఆరంభమైన కేంద్రము దినమునకు 500 టన్నుల కట్టడపు వ్యర్థములను నలిపి, ఇసుకగను కంకరగను మార్చు శక్తి కలది. అట్టి నలుగగొట్టు యంత్రములో రాతినార రేకు పడినచో దాని పోగులు ఆ ఇసుకయంతట కలియును. కుండెడు పాలలో ఒక విషపు చుక్క పడినట్లగును. కూల్చిన గోడలకు పూసిన పాత రంగులలో సీసముండవచ్చును. పగిలిన ట్యూబులైట్లలో పాదరసముండును. వీనిని కూడ ఇటుకలతో కలుపరాదు. అయినను మన పల్లెలలో ఎక్కువగా కంటబడునది రేకు ముక్కయే.

రేకు విషయమున చేయదగినది, చేయరానిది ఇపుడు చూతము.

మొదట గుర్తించుట. అలలు అలలుగా, బూడిదరంగుతో, ఇంచుమించు ఆరు మిల్లీమీటర్ల మందముండు పాత సిమెంటు రేకు రాతినార రేకేయని భావింపవలెను. రాతినార లేని రేకులును ఇప్పుడు కలవు. కంటితో చూచి నిశ్చయముగా చెప్పుట సాధ్యము కాదు. తెలియనప్పుడు ఉన్నదనుకొనుటయే క్షేమము.

రెండవది తడుపుట. దింపుటకు ముందును, దింపునప్పుడును రేకును నీటితో సన్నని జల్లుగా తడుపవలెను. తడిసిన ధూళి లేవదు. ఈ పనిలో నీటిని మించిన ఆయుధము లేదు. అది మన నూతిలోనే యున్నది. అయితే తడి కప్పు జారును. పాత రేకుమీద కాలు పెట్టినచో విరిగి మనిషి క్రింద పడును. కావున కప్పుమీది పని అనుభవము గల పెద్దలదే. పిల్లలు దూరముగా నుండవలెను.

మూడవది విరువకుండుట. బోల్టులను విప్పి రేకును పూర్తి రేకుగానే దింపవలెను. పైనుండి విసరరాదు, సుత్తితో కొట్టరాదు, కోత యంత్రము పెట్టరాదు. పనివారు ఆస్బెస్టాస్ ధూళికి తగిన మాస్కు ధరింపవలెను. ముఖమునకు తువ్వాలు చుట్టుకొన్నంత మాత్రమున పోగులు ఆగవు. పని ముగిసిన పిదప బట్టలను దులుపక తడిపి, ఇతరుల బట్టలతో కలుపక ఉదుకవలెను. నేలమీది పొడిని చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను కూడ వ్యర్థముతోనే మూటకట్టవలెను.

నాలుగవది కట్టుట. తడిపిన రేకులను, ముక్కలను దళసరి పాలిథిన్ పట్టాలో రెండు పొరలుగా చుట్టి అతికించి, ‘ఆస్బెస్టాస్ — విప్పరాదు’ అని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. దానిని మనుషులు, పశువులు తిరుగని చోట ఉంచి పంచాయతీకి గాని పురపాలక సంఘమునకు గాని తెలుపవలెను.

ఐదవది తుది స్థానమునకు పంపుట. అనకాపల్లి జిల్లా పరవాడ వద్ద హానికర వ్యర్థములను భద్రముగా పూడ్చు కేంద్రము కలదు. అట్టి స్థలమున అడుగున నీరింకని పొరలు పరచి, వ్యర్థమును వేసి, పైన కప్పి, ఎచ్చట ఏది పూడ్చినదియు లెక్క వ్రాసి యుంతురు. పలాస నుండి అది రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. ఒక పేద కుటుంబము నాలుగు విరిగిన రేకులను అంతదూరము పంపజాలదు. కావున గ్రామములోని మూటలనన్నిటిని ఒకచోట చేర్చి, కాలుష్య నియంత్రణ మండలి సలహాతో ఒక్కమారు పంపు ఏర్పాటు స్థానిక సంస్థలు చేయవలసియున్నది. తుపానులు మన తీరమునకు మరల మరల వచ్చునవి. బియ్యము, కొవ్వొత్తులు ముందుగా సిద్ధము చేసికొన్నట్లే, ఈ మూటలకు చోటును కూడ ముందుగా నిర్ణయించుకొనుట న్యాయము.

“అంత శ్రమ యెందుకు? దొడ్డిలో పూడ్చిన చాలదా?” అని మీ తాతగారు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. రాతినార నీటిలో కరగదు. మట్టి క్రింద కదలక యున్నంత కాలము అది గాలిలోనికి రాదు. కాని ఉద్దానపు నేల ఇసుక నేల. లోతులేని గుంటమీది ఇసుకను గాలి తీసికొనిపోవును. పైగా మనము కొబ్బరిమొక్కకు ఏటేట ఎచ్చటనో ఒకచోట గుంట త్రవ్వుచునే యుందుము. తాత పూడ్చినది మనుమడు తెలియక గునపముతో మరల పైకి తీయును. ఇక నిప్పులో వేయుదమన్న, రాతినార కాలదు సరికదా, రేకు వేడికి ఫెళ్లున పగిలి తునకలగును. చెరువులో వేసినచో వేసవిలో నీరెండి మరల బయటపడును. దారిలో పరచినచో బండిచక్రములు ప్రతిదినము దానిని నూరును. కోడిగూటికి, మొక్కల మడికి ముక్కలు చెక్కుకొనుట ఇంటిలోనికే ధూళిని పిలుచుట.

ఇక మా బడి గుంట సంగతి చెప్పి ముగింతును. సంగతి తెలిసిన పిదప నేనొక నిపుణుని సలహా అడిగితిని. “త్రవ్వి తీయింపకుడు, త్రవ్విన ధూళి మరల లేచును. తడిపి, మంచిమట్టి పరచి, పైన కాంక్రీటు వేయించి, అడుగున ఏమున్నదో బడి దస్తరములో వ్రాయుడు” అని ఆయన చెప్పెను. అట్లే చేయించితిని. కాంక్రీటు ఆరిన తరువాత దస్తరములో ఆ వాక్యము వ్రాయుటకు కూర్చుంటిని. పాఠశాలలో ఎన్నో వాక్యములు వ్రాసినవాడను; ఆ ఒక్క వాక్యమునకు చేయి సాగలేదు. “ప్రధానోపాధ్యాయుని ఆజ్ఞపై విద్యార్థులు కొట్టి వేసినవి” అను మాటలు విడువకుండ వ్రాసితిని.

ఆ పిల్లలిప్పుడు పెద్దవారైరి. కొందరు విశాఖపట్టణములో, కొందరు దూరదేశములలో కూలి పనులలో నున్నారు. నాకు కనబడిన ప్రతివానికి జరిగినది చెప్పి, “నాయనా, పొగ త్రాగకుము. దగ్గు, ఆయాసము ఎన్నడైన వచ్చినచో వైద్యునికి ఈ సంగతి తప్పక చెప్పుము” అని కోరుచున్నాను. ఒకడు నవ్వి, “మేస్టారూ, మీరు చెప్పినదే చేసితిమి” అనెను. వాడు నన్ను నిందించుటకు అన్నమాట కాదు. కాని ఆ మాట నాకు గుర్తుండును.

బాలబాలికలారా! మీరు పెద్దల మాట వినువారు. పెద్దలకు తెలియనిది మీకు తెలిసినప్పుడు వినయముతో చెప్పుటయు మీ ధర్మమే. రేపు గాలివాన వెలిసిన పిదప ఎవరైన మీ చేతికి రాయి ఇచ్చి రేకు ముక్కలను కొట్టుమన్నచో, “కొట్టరాదండి, తడిపి మూటకట్టవలెను” అని చెప్పుడు. ఆ అన్నది మీ ప్రధానోపాధ్యాయుడే యైనను సరే, చెప్పుడు.